జ్వరానికి ముందు వారం



మలేరియా దోమ కుట్టిన రాత్రికీ, ఒళ్ళు వణికిస్తూ చలి మొదలయ్యే పూటకీ మధ్య కనీసం వారం గడుస్తుంది. ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మనిషికి ఏమీ తెలియదు. చేనుకు పోతాడు, వాగు దాటి సంతకు పోతాడు, తునికాకు కోస్తాడు. అన్నం సహిస్తుంది, నిద్ర పడుతుంది. ఆశా కార్యకర్త వచ్చి వేలు పొడిచి రక్తం చూసినా కిట్టు మీద గీత రాదు. పరాన్నజీవి మాత్రం ఒంట్లోనే, కాలేయంలో ఉంటుంది. ఈ ప్రసంగం ఆ వారం గురించి. ఆ వారంలో పరాన్నజీవికి ఏ జన్యువులు ఆధారమో వెతుకుతున్న ఒక శాస్త్రవేత్త గురించి. ఆయన పేరు కోట అరుణ్ కుమార్. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర పరిశోధకులు.

హైదరాబాద్‌లో జరిగే ఆ పనికీ మన అడవికీ ఏమిటి సంబంధం అంటారేమో. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, అటు శబరి ఒడ్డున కూనవరం, చింతూరు, ఇవన్నీ 2014 దాకా ఖమ్మం జిల్లాయే. ఇప్పుడు కొన్ని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి, కొన్ని ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. తాలిపేరు దాటి పైకి పోతే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాలు. శబరి వెంట ఎగువకు పోతే ఒడిశాలోని మల్కన్‌గిరి. జిల్లాల గీతలు మారాయి గాని వాగులు మారలేదు, మనుషుల రాకపోకలూ మారలేదు. మిరప కోతల కాలంలో అటునుంచి కూలీలు బండ్లెక్కి ఖమ్మం చేలకు వస్తారు. 2005 తర్వాత సల్వా జుడుం గొడవల్లో ఊళ్ళు విడిచి వచ్చిన గుత్తికోయలు మన అడవుల్లో నీటి వసతి చూసుకుని గూడేలు కట్టుకున్నారు. ఇంటి పక్కనే పారే వాగు, చుట్టూ చెట్టూ చేమా, తలుపు లేని గుడిసె. కొండవాగుల్లో గుడ్లు పెట్టే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. వలస వచ్చినవాళ్ళు జ్వరాన్ని మోసుకొచ్చారని కొందరు అంటుంటారు. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. బస్తర్‌లో మలేరియా ఎక్కువని అందరికీ తెలుసు. అక్కడ పుట్టడం ఎవరి తప్పూ కాదు, అక్కడ ఉండలేక రావడం అంతకన్నా కాదు. వాళ్ళ పిల్లలకు వచ్చే జ్వరం కూడా మన ఏజెన్సీ జ్వరమే.

ఒకప్పటితో పోలిస్తే కేసులు బాగా తగ్గిన మాట నిజం. కానీ తగ్గడం మనకు కొత్త కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారని అంచనా. ఇంటింటా డి.డి.టి. కొట్టించి, 1961 నాటికి ఆ సంఖ్యను దాదాపు 50 వేల కేసులకు దించారు. పని అయిపోయిందనుకున్నారు. 1976లో 64 లక్షల కేసులు నమోదయ్యాయి. ఇప్పుడు 2030 నాటికి మలేరియాను పూర్తిగా లేకుండా చేయాలని దేశం గడువు పెట్టుకుంది. చివర మిగిలే మలేరియా కంటికి కనపడని చోట దాక్కునే మలేరియా. అందుకే ఆ నిశ్శబ్దపు వారం మీద నాకింత పట్టుదల.

ఆ వారం సంగతి ఎలా బయటపడిందో మొదటి నుంచి చూద్దాం. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న కణాలను చూసిన సంగతి మీలో చాలామంది బడి పుస్తకంలో చదివే ఉంటారు. హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమ అది. కుట్టనిచ్చినందుకు దోమకో అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. మలేరియాను దోమ మోస్తుందన్న విషయం అక్కడ తేటతెల్లమైంది, 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ తర్వాతి కథ అంతగా ప్రచారంలో లేదు. దోమ లాలాజలంతో పాటు మనిషిలోకి దిగే పరాన్నజీవి రూపాన్ని స్పోరోజాయిట్ అంటారు. సన్నగా, కొడవలిలా వంగి ఉంటుంది. అది నేరుగా ఎర్ర రక్తకణంలోకి దూరుతుందని, తాను కళ్ళారా చూశానని 1903లో షాడిన్ అనే జర్మన్ శాస్త్రవేత్త రాశాడు. ఆయన పేరు పెద్దది. నలభై ఏళ్ళకు పైగా ఆ మాటే చెల్లింది. కానీ లెక్క ఎక్కడో కుదరలేదు. దోమ కుట్టిన అరగంటలోపు తీసిన రక్తాన్ని మరొకరికి ఎక్కిస్తే మలేరియా వస్తోంది. ఆ తర్వాత తీసిన రక్తంతో రావడం లేదు. మళ్ళీ ఆరేడు రోజులు గడిచాక తీస్తే వస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆస్ట్రేలియాలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సైనికుల మీద చేసిన పరీక్షల్లో ఇది రుజువైంది. మధ్యలో ఆ రోజులన్నీ పరాన్నజీవి ఎక్కడికి పోయినట్టు? 1948లో హెన్రీ షార్ట్, సిరిల్ గార్న్‌హామ్ అనే ఇద్దరు దాన్ని కోతి కాలేయంలో పట్టుకున్నారు. ఈ షార్ట్ ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉండి మన దేశంలో ఏళ్ళ తరబడి పనిచేసినాయన. దోమ పొట్ట నుంచి మనిషి కాలేయం దాకా దారి తెలుసుకోవడానికి శాస్త్రానికి 51 ఏళ్ళు పట్టింది.

ఇక్కడ అంకెలు కాస్త మనసుపెట్టి వినండి. దోమ ఒకసారి కుడితే చర్మంలోకి దిగే స్పోరోజాయిట్లు సాధారణంగా పదుల్లోనే ఉంటాయి. వాటిలో కాలేయానికి చేరేవి ఇంకా తక్కువ. చేరినది ఒక్కో కాలేయ కణంలో ఒక్కటిగా కూర్చుని, వారం తిరిగేసరికి వేల పిల్లలుగా చీలుతుంది. అవి రక్తంలోకి దూకి ఎర్రకణాల్లో దూరతాయి. 48 గంటలకు ఒకసారి కణాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చి, కొత్త కణాల మీద పడతాయి. కణాలు పగిలినప్పుడే చలి, ఆ వెంటనే జ్వరం. మనిషి మంచం పట్టేసరికి ఒంట్లో పరాన్నజీవులు కోట్లకు చేరి ఉంటాయి. ఇన్నేళ్ళుగా మనం మాత్రలు మింగుతున్నది, స్లైడు చూస్తున్నది, జ్వరం మెదడుకెక్కిన పిల్లవాణ్ణి బైకు మీద కూర్చోబెట్టుకుని భద్రాచలం ఆసుపత్రికి పరుగెత్తుతున్నది ఆ కోట్ల దశలో. అవి పదుల్లో ఉన్నప్పుడు మన చేతికి చిక్కవు. అరుణ్ కుమార్ పని అంతా ఆ పదుల మీదే.

ఆయన ఆ దారిలోకి వచ్చింది న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో, నస్సెన్‌జ్వీగ్ దంపతుల ప్రయోగశాలలో. రూత్ నస్సెన్‌జ్వీగ్ 1967లో ఒక ప్రయోగం చేశారు. స్పోరోజాయిట్లకు ఎక్స్ కిరణాలు పట్టించి ఎలుకలకు ఎక్కించారు. దెబ్బతిన్న స్పోరోజాయిట్లు కాలేయం దాకా పోగలిగాయి గాని అక్కడ పెరగలేక ఆగిపోయాయి. ఆ ఎలుకల ఒంట్లోకి తర్వాత మంచి బలమున్న స్పోరోజాయిట్లను పంపినా చాలావాటికి మలేరియా రాలేదు. మలేరియాకు టీకా సాధ్యమేనని ప్రపంచానికి నమ్మకం కుదిరింది అప్పుడు. స్పోరోజాయిట్ ఒంటినిండా కప్పుకుని ఉండే ఒక ప్రొటీన్‌ను తర్వాత గుర్తించారు. దాన్ని క్లుప్తంగా సి.ఎస్. ప్రొటీన్ అంటారు. 1984 నాటికి, మనుషులకు మలేరియా తెచ్చే ఫాల్సిపారం అనే పరాన్నజీవిలో దాని జన్యువును విడదీశారు. ఇక టీకా తయారీ అంతా ఈ ఒక్క ప్రొటీన్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అది న్యాయమేనా? స్పోరోజాయిట్‌లో ఇంకా ఎన్నో ప్రొటీన్లు ఉన్నాయి. రక్షణ నిజంగా ఈ ఒక్కదాని వల్లే వస్తోందా, లేక బాగా కనపడుతుంది కాబట్టి మనమే దీన్ని పట్టుకుని వేలాడుతున్నామా?

ఈ ప్రశ్నకు 2006 డిసెంబరులో నేచర్ పత్రికలో జవాబు వచ్చింది. ఆ వ్యాసంలో మొదటి పేరు కోట అరుణ్ కుమార్‌ది. ప్రయోగం ఇలా నడిచింది. ముందు ఆ సి.ఎస్. ప్రొటీన్ జన్యువును ఎలుకలోనే పెట్టారు. పుట్టుక నుంచీ తన ఒంట్లోనే ఉంది కనుక ఎలుక దాన్ని పరాయిదిగా చూడదు, దాని మీద దాడికి దిగదు. పైగా అవి ప్రతిరక్షకాలు తయారుచేయలేని ఎలుకలు. అంటే సి.ఎస్. ప్రొటీన్‌ను ఏ విధంగానూ ఎదిరించలేని ఎలుకలను సిద్ధం చేశారు. వాటికి కిరణాలు పట్టించిన స్పోరోజాయిట్లతో టీకా వేశారు. మామూలు ఎలుకలకు వచ్చినంత రక్షణ వీటికి రాలేదు, బాగా పడిపోయింది. ఆ ప్రొటీనే ప్రధానమని దాంతో తేలింది. అంతటితో ఆగితే సగం కథే. టీకా మోతాదులు పెంచినప్పుడు సి.ఎస్. ప్రమేయం లేకుండానే ఈ ఎలుకలకూ రక్షణ వచ్చింది. అంటే స్పోరోజాయిట్‌లో ఇతర ప్రొటీన్లు కూడా పనికొస్తాయి. నా దృష్టిలో ఆ వ్యాసంలో విలువైనది ఈ రెండో సగమే.

మొదటి సగం ఫలితం మీకు ఇప్పుడు పత్రికల్లో కనపడుతూనే ఉంది. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా పిల్లల కోసం సిఫారసు చేసిన మొట్టమొదటి మలేరియా టీకా ఆర్.టి.ఎస్.,ఎస్. ఆ సి.ఎస్. ప్రొటీన్ ముక్కతోనే చేశారు. 2023లో సిఫారసు చేసిన రెండో టీకా ఆర్ 21 కూడా దానితోనే. దీన్ని పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తోంది. మొదటి టీకా తయారీని చేపట్టడానికి 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. మన దేశంలో ఈ టీకాలు ఇంకా కార్యక్రమంలోకి రాలేదు. ఆఫ్రికాలో మొదటి టీకా మీద జరిగిన పెద్ద పరీక్షలో, నాలుగు మోతాదులు వేసుకున్న ఐదు నుంచి పదిహేడు నెలల పిల్లల్లో నాలుగేళ్ళ కాలంలో జ్వరాలు మూడో వంతుకు కొంచెం పైగా తగ్గాయి. లక్షల మంది పిల్లల విషయంలో అది చిన్న మేలు కాదు. కానీ ఒక్క ప్రొటీన్ మీద ఆధారపడితే ఇంతే దూరం పోగలమని కూడా అది చెబుతోంది. మిగతా ప్రొటీన్ల సంగతి ఎవరో ఒకరు చూడాలి.

ఆ పనిని అరుణ్ కుమార్ గచ్చిబౌలి దగ్గర, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చేస్తున్నారు. మనుషుల మలేరియాతో కాదు, ఎలుకల మలేరియాతో. దాని పేరు ప్లాస్మోడియం బెర్ఘీ. 1948లో కాంగో అడవి ఎలుకల్లో దీన్ని మొదట కనుగొన్నారు. మనిషికి సోకదు. మన ఫాల్సిపారానికి లాగానే దీనికీ 14 క్రోమోజోములు. ఫాల్సిపారం జన్యు పటం 2002లో పూర్తిగా అచ్చయినప్పుడు అందులో దాదాపు 5,300 జన్యువులు తేలాయి. వాటిలో సగానికి పైగా ఏ పనికి ఉన్నాయో అప్పుడు ఎవరికీ తెలియదు. పెద్ద గుత్తిలో ఏ తాళంచెవి ఏ గదిదో తెలియనప్పుడు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, ఏ తలుపు తెరుచుకోవడం లేదో చూస్తాం కదా. ఇక్కడా అదే పద్ధతి. ఒక జన్యువును తీసేసి, పరాన్నజీవి ఎక్కడ ఆగిపోతోందో చూస్తారు.

తీయడం ఎలా? పరాన్నజీవి తన జీవితంలో ఎక్కువ కాలం ఒక్కో జన్యువుకు ఒక్కటే ప్రతిని మోస్తుంది, మనలా రెండేసి ఉండవు. అందువల్ల ఒక్కసారి తీస్తే చాలు. తీయదలచిన జన్యువుకు అటూ ఇటూ ఉన్న డి.ఎన్.ఎ. ముక్కలను ప్రయోగశాలలో తయారు చేస్తారు. ఆ రెంటి మధ్య ఒక మందుకు తట్టుకునే జన్యువును పెడతారు. దాన్ని విద్యుత్ తాకిడితో పరాన్నజీవి లోపలికి పంపుతారు. చివరలు రెండూ సరిపోయిన చోట పరాన్నజీవి తన పాత జన్యువును వదిలి కొత్త ముక్కను కుట్టేసుకుంటుంది. తర్వాత ఎలుక తాగే నీళ్ళలో పైరిమెథమిన్ అనే మందు కలుపుతారు. జన్యువు మారనివి చచ్చిపోతాయి, మారినవి మిగులుతాయి. ఇందులో ఒక చిక్కు ఉంది. రక్తంలో బతకడానికి తప్పనిసరైన జన్యువును తీస్తే పరాన్నజీవి అక్కడే చస్తుంది, ఇక చూడటానికి ఏమీ మిగలదు. కాలేయంలో మాత్రమే అవసరమయ్యే జన్యువులు అలా కాదు. అవి లేకపోయినా రక్తంలో పెరుగుతుంది, దోమలోకి పోతుంది, దోమ లాలాజలంలోకి వస్తుంది. కాలేయంలో మాత్రం చిక్కుకుపోతుంది. టీకా కోసం వెతికేవారికి కావలసింది సరిగ్గా ఇలాంటి పరాన్నజీవే.

ఈ పని చేతుల మీద ఎలా జరుగుతుందో ఒక్క అడుగు దగ్గరగా చూద్దాం. బెర్ఘీకి వేడి పడదు. దోమల గదిని 19, 20 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వ్యాధి ఉన్న ఎలుక రక్తం తాగిన ఆడదోమలను అందులో మూడు వారాలు చక్కెర నీళ్ళతో పోషిస్తారు. ఆ తర్వాత ఒక్కో దోమను చల్లబరిచి, గాజు పలక మీద ఒక చుక్క ద్రవంలో పెడతారు. రెండు సన్న సూదులు. ఒక సూదితో రొమ్ము మీద అదిమి పట్టి, రెండో సూదితో తలను మెల్లగా, తొందరపడకుండా లాగుతారు. లాగడం సరిగ్గా కుదిరితే తలతో పాటే లాలాజల గ్రంథులు బయటికొస్తాయి. ఒక్కో వైపు మూడేసి పాయలు, గాజు పోగుల్లా మెరుస్తూ ఉంటాయి. గ్రంథులు రాకుండా తల ఒక్కటే తెగితే ఆ దోమ పోయినట్టే. వాటిని చిన్న గొట్టంలో నలిపి, సూక్ష్మదర్శిని కింద గడుల పలక మీద స్పోరోజాయిట్లను లెక్కపెడతారు. ఒక్క ప్రయోగానికి ఎన్నో దోమలు, ఎన్నో తలలు. ఈ పని నేర్చుకోవడానికే పరిశోధక విద్యార్థులకు నెలలు పడుతుంది. పరాన్నజీవుల జన్యుశాస్త్రం అంటే కంప్యూటర్ తెర మీద అక్షరాల వరసే అనుకునేవారు ఆ సూదులు పట్టిన చేతులను ఒక్కసారి చూడాలి.

అలా దొరికిన జన్యువుల్లో ఒకదానికి అరుణ్ కుమార్ బృందం స్పెల్డ్ అని పేరు పెట్టింది. 2017లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. దోమ లాలాజల గ్రంథుల్లో ఉన్న స్పోరోజాయిట్లు ఏ జన్యువులను ఎక్కువగా వాడుతున్నాయో లెక్క తీస్తే ఇది అన్నిటికన్నా ముందు వరసలో కనపడింది. అంటే మనిషిలోకి దిగబోయే ముందు పరాన్నజీవి దీన్ని బాగా కూడబెట్టుకుంటోందన్నమాట. ఎర్రగా వెలిగే ప్రొటీన్‌ను దానికి తగిలించి చూశారు. స్పోరోజాయిట్ పైపొర మీద, కాలేయంలో తొలి దశలో కనిపించింది. జన్యువును తీసేస్తే స్పోరోజాయిట్లు కాలేయ కణాల్లోకి పోయాయి గాని అక్కడ పక్వానికి రాలేకపోయాయి. ఆ ఆగిపోయిన పరాన్నజీవులనే టీకాగా ఎలుకలకు ఇస్తే 50 నుంచి 60 శాతం రక్షణ వచ్చింది.

యాభై, అరవై శాతమే కదా అని పెదవి విరిచేవాళ్ళుంటారు. రేపే టీకా వచ్చేస్తుందని రాసే పత్రికలూ ఉంటాయి. రెండూ తప్పే. ఇది ఎలుకల ఫలితం, ఒక్క జన్యువు ఫలితం. ఇలాంటివి రెండు మూడు కలిపి తీసేస్తే పరాన్నజీవి కాలేయంలో మరింత నమ్మకంగా ఆగుతుంది. ఒక్కటి కూడా రక్తంలోకి జారిపోకూడదు. జారితే టీకాయే జ్వరం తెస్తుంది. ఆ భద్రత కుదరాలంటే ఏ జన్యువు ఏ గంటలో పనిచేస్తోందో ఒక్కొక్కటిగా తెలియాలి. ఈ ఓపిక పని ఒక తెలుగు నగరంలో, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, విద్యార్థుల చేతుల మీదుగా జరుగుతోందని మన ఊళ్ళల్లో తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రయోగశాలలో మనం జన్యువులు తీస్తుంటే, అడవిలో పరాన్నజీవి తనంతట తానే కొన్నిటిని వదిలేసుకుంటోంది. ఆశా కార్యకర్త చేతిలోని కిట్టును గమనించే ఉంటారు. వేలి చివర దూదితో తుడిచి, సూదితో పొడిచి, చుక్క రక్తాన్ని చిన్న గుంటలో వేస్తుంది. పక్క గుంటలో ద్రవం చుక్కలు వేసి పావుగంట పైన ఆగుతుంది. ఒక గీత వస్తే కిట్టు బాగుందని. ఇంకో గీత వస్తే మలేరియా ఉందని. ఫాల్సిపారం గీత రావడానికి కారణం ఆ పరాన్నజీవి వదిలే హెచ్.ఆర్.పి. 2 అనే ప్రొటీన్. ఆ జన్యువే పూర్తిగా లేని ఫాల్సిపారం ఉందని 2010లో పెరూలో బయటపడింది. అది హాయిగా బతుకుతుంది, జ్వరం తెస్తుంది, గీత మాత్రం రాదు. 2013లో ఛత్తీస్‌గఢ్ నుంచి అలాంటి కేసుల సమాచారం వచ్చింది. 2016లో ఎనిమిది రాష్ట్రాల రక్త నమూనాలు చూస్తే సుమారు 2.4 శాతంలో ఆ జన్యువు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రమాద గీత ఐదు శాతం. దాన్ని దాటిన ఎరిత్రియా దేశం కిట్లనే మార్చుకోవలసి వచ్చింది. పరీక్షకు దొరకని పరాన్నజీవికి మందు పడదు. మందు పడనిది ఇంకో దోమకు అందుతుంది. అలా మన పరీక్షే దానికి దారి ఇస్తుంది. అందుకే కిట్టులో ఏమీ లేదన్నా జ్వరం విడవకపోతే, స్లైడు తీయించి సూక్ష్మదర్శినిలో చూపించమని పి.హెచ్.సి.లో పట్టుబట్టండి. సరిహద్దు మండలాల్లో ఇది మరీ అవసరం.

మందుల విషయమూ ఇంతే. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మన దేశంలో 1973లో అస్సాంలో కనపడింది. ఏడో క్రోమోజోము మీది ఒక జన్యువులో 76వ స్థానంలో ఒక్క అమినో ఆమ్లం మారడమే దానికి ముఖ్య కారణమని 2000లో తేలింది. ఇప్పుడు ఫాల్సిపారానికి ఇచ్చేది ఆర్టిమిసినిన్ కలిపిన మందు. ఒక్క పూట జ్వరం తగ్గిందని మిగతా గోలీలు దాచిపెట్టకండి.

ఇక మనిషికి వచ్చే మరో రకం మలేరియా, వైవాక్స్. మన దగ్గర పి.వి. అంటారు. చంపడం తక్కువ గాని పీడించడం ఎక్కువ. కాలేయానికి చేరిన వైవాక్స్‌లో కొన్ని పెరగవు. అలాగే ముడుచుకుని నిద్రపోతాయి. నెలల తర్వాత, ఒక్కోసారి మరుసటి వానాకాలం, కొత్త దోమ కుట్టకుండానే లేచి జ్వరం తెస్తాయి. నిద్రపోయే ఈ రూపాన్ని 1980ల మొదట్లో గుర్తించారు. దీన్ని చంపడానికి పి.హెచ్.సి.లో ఇచ్చే మందు ప్రైమాక్విన్, 14 రోజులు. క్లోరోక్విన్ మూడు రోజులకే జ్వరం పోతుంది కనుక నాలుగో రోజు నుంచి ఎవరూ గోలీ మింగరు. అక్కడే మళ్ళీ మొదలవుతుంది. ఇంకొక చిక్కు మన రక్తంలోనే ఉంది. జి 6 పి.డి. అనే ఎంజైము తక్కువగా ఉన్నవారికి ప్రైమాక్విన్ పడదు. ఎర్రకణాలు చిట్లి, మూత్రం నల్లగా వస్తుంది. అలా వస్తే గోలీ ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఈ ఎంజైము లోపం, కోయల్లో కనిపించే సికిల్‌సెల్, రెండూ మలేరియాతో మనుషులు వేల ఏళ్ళు వేగిన గుర్తులు. రక్తంలోని లోపం మలేరియా నుంచి కాపాడుతుందేమోనన్న ఊహను 1940ల చివర్లో తలసీమియా విషయంలో చెప్పింది జన్యుశాస్త్రవేత్త హాల్డేన్. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన శిష్యుల్లో పిఠాపురం నుంచి వెళ్ళిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. హ్యూస్టన్‌లో స్థిరపడిన ఆయన, మలేరియా జన్యుశాస్త్రం మీద 2006లో వెలువడిన ఒక సంపుటానికి సంపాదకుల్లో ఒకరయ్యారు. అరుణ్ కుమార్ వ్యాసం వచ్చిన సంవత్సరమే అది. ఒకరు మనిషి వైపు నుంచి, ఒకరు పరాన్నజీవి వైపు నుంచి.

మళ్ళీ అరుణ్ కుమార్ పనికి వస్తే, స్పెల్డ్‌కు సాటి జన్యువు వైవాక్స్ స్పోరోజాయిట్లలోనూ ఉంది. దాన్ని అక్కడ వేరే పరిశోధకులు విడిగా గుర్తించారు. నిద్రపోయే వైవాక్స్‌లో అది ఏమి చేస్తోంది, అది లేకపోతే నిద్ర నుంచి లేవదా, అసలు నిద్రలోకే పోదా అన్నవి తేలాలి. ఫాల్సిపారాన్ని 1976 నుంచి గాజు పాత్రల్లో పెంచగలుగుతున్నారు. వైవాక్స్‌ను ఇప్పటికీ అలా ఎడతెగకుండా పెంచలేకపోతున్నారు. దాని మీద పని చేయాలంటే జ్వరంతో ఉన్న మనిషి నుంచి అప్పుడే తీసిన రక్తం కావాలి. ఆ రక్తం ఉన్నది మన వంటి చోట్లనే, తాలిపేరు పైన, శబరి పైన ఉన్న గూడేల్లో. కనుక రేపో మాపో పరిశోధన కోసమని రెండో గొట్టం రక్తం అడుగుతూ ఎవరైనా మీ గూడేనికి రావచ్చు. ఎందుకో కోయ భాషలో చెప్పించుకోండి. వద్దనే హక్కు మీకుంది, వద్దన్నా వైద్యం ఆగకూడదు. ఇవ్వదలిస్తే, తేలిన ఫలితాన్ని మళ్ళీ అదే గూడేనికి వచ్చి చెప్పాలని మాట తీసుకోండి.